ముంగట అద్దాలు, లోపట ఒక్కటే మెట్ల దారి

2025 మే 18, ఆదివారం పొద్దుగాల. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ కాడ ఒక పాత ఇంటికి మంట అంటుకున్నది. కింద మడిగెలు, పైన కుటుంబం ఉండే అర్రలు. 17 మంది పాణాలు పోయినయి. అండ్ల 8 మంది పిల్లలు. లోపటికి పోవాల్నంటే సొరంగం అసొంటి సన్న తొవ్వ. పైకెక్కాల్నంటే ఒక్కటే మెట్ల దారి. షార్ట్ సర్క్యూట్ అన్నరు. లీడర్లు వచ్చిన్రు, పోయిన్రు. వారం దినాలు టీవీలల్ల నడ్సింది. ఎనుక అందరం మర్సిపోయినం.

నేను మర్వలేకపోయిన. ఎందుకంటె గసొంటి ఇంట్లనే నేను నాలుగేండ్లు పండుకున్న. ఇప్పుడు మా అక్క కొడుకు పండుకుంటున్నడు. ఆ ఇల్లు మూసీకి ఇవతల, బేగంబజార్‌ల ఉన్నది.

"ఊర్ల ఉన్నోళ్లకు పట్నం పాత ఇండ్ల ముచ్చట ఎందుకే అన్నా" అని అడుగుతరేమో. తమ్మీ, నీ అక్క పెండ్లికి ఇచ్చిన స్టీలు బిందెలు, మీ ఊరి కిరాణ కొట్ల జీలకర్ర, రాఖీ పండుగకు అమ్మే రాఖీలు, చాన వరకు బేగంబజార్ కెళ్లే వస్తయి. ఆ మూటలు మోసేది, లెక్క రాసేది, ట్రాలీల ఎక్కిచ్చేది మన ఊర్ల పోరగాండ్లు, బీహార్, ఒడిశా పోరగాండ్లు. పగలు కింద పని, రాత్రి పైన పంటరు. ఆ పైన అర్ర ఎట్లున్నదో మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడుతరు?

ఇల్లు పైన, బతుకుదెరువు కింద

బేగంబజార్ జాగను రెండో నిజాం బేగం హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిందని, అందుకే ఆ పేరు పడ్డదని చెప్పుకుంటరు. మార్వాడీలు, గుజరాతీలు, అగర్వాల్‌లు, ఇంకెందరో వచ్చి సొంతంగ మడిగెలు ఏసుకున్నరు. మడిగె మీదనే ఇల్లు కట్టుకున్నరు. కింద వ్యాపారం, పైన సంసారం. పొద్దుగాల మెట్లు దిగితే పని, రాత్రి మెట్లెక్కితే ఇల్లు.

ఆ ఇండ్లు కట్టినోళ్లకు తెలివి తక్కువ లేదు. రాతి గోడ, డంగు సున్నం, టేకు దూలాలు, నేల మీద షాబాదు బండలు. నట్టనడుమ ఆకాశం కనబడే చౌక్. మన ఊర్లల్ల భవంతి ఇండ్లు జూసినోళ్లకు చౌక్ అంటె ఏందో చెప్పే పనిలేదు. నాలుగు దిక్కుల అర్రలు, నడుమ వాకిలి, వాన పడితే నీళ్లు అండ్లనే పడ్తయి. ఎండకాలం వేడి గాలి ఆ నడుమకెళ్లి మీదికి పోతది, అర్రలు సల్లగుంటయి. గోడలు రెండు ఫీట్ల మందం కాబట్టి పగటి వేడి లోపటికి రాంగ రాంగ పొద్దుగూకుతది.

ఇంకోటి కూడ ఉన్నది. ఈ ఇండ్లు ఒకదానికొకటి అతుక్కొని ఉంటయి. ఒక మిద్దె మీద నిలబడితే పిట్టగోడ దాటి పక్కింటి మిద్దె మీదికి పోవచ్చు. ఆడోళ్లు గట్లనే మిద్దెల మీద అప్పడాలు ఎండబెట్టుకుంట ముచ్చట్లు పెట్టెటోళ్లు, పిల్లలు పతంగులు ఎగిరేసుకుంట గల్లీ ఈ మూలకెళ్లి ఆ మూలకు ఉరికెటోళ్లు. కింద మెట్లు ఒక్కటే ఉన్నా మీద ఇంకో తొవ్వ ఉండేది. కాయిదం మీద ఎవరూ రాయలే గని, అది ఆ ఇంటి రెండో దర్వాజ.

మేం మిద్దె దాటిన రాత్రి

నేను టెన్త్ తప్పి జనగామ దిక్కు ఊరికెళ్లి 16 ఏండ్లకు బేగంబజార్ వచ్చిన. ఒక గిన్నెల దుకాణంల పని. సేటు పైన అర్ర ఇచ్చిండు, కిరాయి జీతంల కోసుకునేటోడు. ఒక్క అర్రల ఎనమండుగురం. నేను సదువు నేర్సుకున్నది కూడ ఆడనే. గిన్నెలు చుట్టనీకి తెచ్చిన పాత పేపర్లు చదివి చదివి.

ఒకనాడు రాత్రి మెట్ల కింద కరెంటు మీటరు కాలింది. మెట్లనిండ నల్లటి పొగ. దిగుదామంటె కండ్లు కనబడ్తలేవు, ఊపిరాడ్తలేదు. మాతోని ఉన్న ఒక పెద్దాయన, చాన ఏండ్లకెళ్లి ఆ గల్లీల హమాలి పని చేసేటోడు, "కిందికి గాదుర బిడ్డా, మీదికి నడువున్రి" అన్నడు. అందరం మిద్దె మీదికి ఉరికినం. పిట్టగోడ దుంకి పక్కింటి మిద్దె మీదికి, ఆడికెళ్లి ఇంకో మిద్దె మీదికి, వాళ్ల మెట్లకెళ్లి గల్లీల పడ్డం. ఆ ఇంటి అమ్మ నిద్రలేసి మంచినీళ్లు ఇచ్చింది. ఎవ్వరికి ఏం కాలేదు. తెల్లారి దుకాణం మళ్ల తెరిసిన్రు. గా సంగతి యాడ రాయబడలే. సావుల్లేని మంటను ఎవరు లెక్కబెడ్తరు?

మా అక్క కొడుకు గిప్పుడు అదే గల్లీల, వేరే ఇంట్ల ఉంటున్నడు. గుల్జార్ హౌజ్ మంట తర్వాత పానం ఆగక పోయి చూసిన. ముంగటికెళ్లి చూస్తే ఇల్లు గుర్తుపట్టలే. అద్దాలు, మెరిసే షీట్లు, రాత్రి రంగు లైట్లు. లోపట మెట్లు పాతయే. ఒక్క మనిషి అడ్డం తిరిగితేనే పడ్తడు. ఆ మెట్ల మీద ఒక దిక్కు అట్టడబ్బాలు, ఇంకో దిక్కు చార్జింగ్ పెట్టిన బ్యాటరీ స్కూటర్. మీదికెక్కితే మిద్దె దర్వాజకు తాళం.

"తాళం ఎందుకురా?" అంటె, "మీద రేకుల షెడ్డు ఏసి సామాను పెట్టిన్రు మామా. దొంగతనాలైతయని సేటు తాళమేస్తడు."

"మరి ఏమన్న అయితే ఎట్ల దిగుతవురా?"

"ఏమైతది మామా, నువ్వు ఊకె భయపడ్తవు."

వాని మాట తప్పు గాదు. 19 ఏండ్ల పోరడు. నెలకు వచ్చే పైసలల్ల ఇంటికి ఎంత పంపాలె అన్న లెక్కనే వాని బుర్రల తిరుగుతది. భయపడే పని వానిది గాదు. మనది, సర్కారుది.

కొత్తగ జేసుడు అంటె ఏం జేస్తున్నం?

ఇల్లు కొత్తగ చేసుకునుడు తప్పని నేను అంటలేను. పాత ఇల్లు అన్నంక మరమ్మతు గావాలె. బాత్రూం గావాలె, కరెంటు గావాలె, పిల్లలకు సదువుకునే జాగ గావాలె. పాతదంత గొప్పదని పాట పాడెటోళ్లు రెండ్రోజులు ఆ అర్రల ఉండి చూడున్రి. నా లొల్లి ఏందంటె, మనం కనబడేది మారుస్తున్నం, పాణం నిలబెట్టేదాన్ని మూస్తున్నం.

చూడున్రి ఎట్లైతున్నదో. మొదలు అన్నదమ్ములు పంచుకుంటరు. నడుమ చౌక్ ఎవరికి రావాలె? అండ్ల గోడ లేస్తది. ఎనుక "జాగ ఖాళీగ ఎందుకు" అని చౌక్ మీద స్లాబో, ఫైబర్ షీటో ఏస్తరు. గోదాంకు కొంచెం జాగ పెరుగుతది. గని గాలి పోయే తొవ్వ మూసుకపోయింది. వేడి పెరిగింది, ఏసీలు వచ్చినయి. నాలుగు ఫ్యాన్లు, పది బల్బులకు ఏసిన పాత వైరు మీద ఏసీలు, ఫ్రిజ్‌లు, లిఫ్ట్, అద్దాల లైట్లు. వైరు ఎంత మోస్తది? రేపు మంట లేస్తే, చౌక్ తెరిచి ఉంటె పొగ ఆకాశంల కలిసేది. మూసినంక అదే పొగ అర్రలల్ల నిండుతది. మంటల్ల చాన మందిని చంపేది నిప్పు గాదు, పొగ.

గోడల సంగతి ఇంకో తీరు. సున్నం గోడ తేమను గుంజుకుంటది, మళ్ల ఇడ్సిపెడ్తది. దాని మీద సిమెంటు గిలాబు కొట్టి, మీద టైల్స్ అతికిస్తే తేమ లోపల్నే ఉండిపోతది. బయటికి నున్నగ కనబడ్తది, లోపట సున్నం పొడి పొడి అయితది. మీద అంతస్తుల కొత్తగ కట్టిన బాత్రూం కారితే ఆ నీళ్లు పోయి టేకు దూలం కొసల కూసుంటయి. దూలం గోడల ఉన్న కాడనే కుళ్లుతది. కింద ఫాల్స్ సీలింగ్ ఏసినంక ఇంక ఎవనికి కనబడ్తది? పాత మేస్త్రిలు దూలాన్ని తట్టి సప్పుడు ఇని చెప్పేటోళ్లు. గిప్పుడు సీలింగ్ ఇప్పనిదే ఎవ్వడు చెప్పలేడు.

గట్లనే ముంగట గోడ తీసి షట్టర్ పెడ్తరు. మీద రెండు అంతస్తుల బరువు మోసే గోడ అది. ఇనుప గర్డర్ పెట్టినం, ఏంకాదు అంటరు. పెట్టినోడు ఇంజినీరా, వెల్డింగ్ పోరడా అని అడిగెటోడు లేడు.

చట్టం యాడ ఆగింది?

సర్కారుకు రూల్స్ లేవా? ఉన్నయి. గని అవన్ని కొత్త ఇంటిని చూసి రాసినయి. 2012 ల వచ్చిన జీవో 168 ల ఎన్ని గజాల జాగకు ఎంత ఖాళీ ఇడ్వాలె, ఎంత ఎత్తు లేపాలె అని మంచిగనే రాసిన్రు. 2020 ల టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు జాగల చిన్న ఇల్లైతే పర్మిషనే అక్కర లేదు, ఒక్క రూపాయితోని రిజిస్టర్ చేసుకుంటె సాలన్నరు. పేదోనికి లంచం తిప్పలు తప్పింది, మంచిదే. ఫైర్ ఎన్‌వోసీ సంగతి చూస్తే, మనుషులు ఉండే బిల్డింగ్ 18 మీటర్లు, వ్యాపారం చేసే బిల్డింగ్ 15 మీటర్లు దాటితేనే ఆ లెక్కలకు వస్తది.

బేగంబజార్ పాత ఇల్లు రెండంతస్తులు, మూడంతస్తులు. ఎత్తు లెక్కల దొరకది. కొత్తగ కడ్తలేరు కాబట్టి ప్లాన్ సాంక్షన్ లెక్కల దొరకది. లోపట గోడ తీసినా, చౌక్ మూసినా, పడక అర్ర గోదాం అయినా బయటికి కనబడది. ఇంటిని వ్యాపారానికి మారుస్తే పర్మిషన్ తీస్కోవాలని రూల్ ఉన్నది గని, మెట్లెక్కి చూసెటోడు ఎవడు?

ఇగ జీహెచ్ఎంసీ ఏటా వానకాలం ముంగట శిథిలమైన ఇండ్లను గుర్తిస్తది, నోటీసులు ఇస్తది. జీహెచ్ఎంసీ చట్టంల సెక్షన్ 456 ప్రకారం పడిపోయేటట్టున్న కట్టడాన్ని ఖాళీ చేయించొచ్చు, కూలగొట్టొచ్చు. నోటీసు వస్తే ఏమైతది? ఓనరుకు కొన్నిసార్లు అదే గావాలె. పగిడీ ఇచ్చి, పాత కిరాయికి ఏండ్ల సంది ఉంటున్న కిరాయిదారు ఎల్లిపోతడు. జాగ ఖాళీ అయితది, కొత్త కాంప్లెక్సు లేస్తది. కిరాయిదారు ఏమో "ఎల్లిపోతే మళ్ల రానియ్యరు" అని పగుళ్ల గోడ కిందనే పంటడు. ఓనరు "వచ్చే కిరాయి సున్నానికి కూడ సరిపోదు" అని మరమ్మతు చేయడు. ఇద్దరి మాటల నిజమున్నది. ఇద్దరి నడుమ గోడ కూలుతది. హమాలి పోరగాండ్లయితే ఈ లెక్కలనే లేరు. వాళ్లకు కిరాయి కాయిదం లేదు, ఆ ఇంట్ల ఉంటున్నరన్న గుర్తు కూడ లేదు.

మనకు హెచ్చరికలు తక్కువ రాలే. 2022 మార్చి 23 నాడు బోయిగూడల స్క్రాప్ గోదాం మీద పండుకున్న 11 మంది బీహార్ కార్మికులు కాలిపోయిన్రు. 2023 నవంబర్ 13 నాడు నాంపల్లి బజార్‌ఘాట్‌ల ఒక అపార్ట్‌మెంట్ కింద పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకొని 9 మంది పోయిన్రు. ఆ బజార్‌ఘాట్ బేగంబజార్‌కు దగ్గరనే. ఎనుక గుల్జార్ హౌజ్. మూడు జాగల మూడు తీర్ల మనుషులు. బీహార్ కూలీ, అపార్ట్‌మెంట్ల మధ్యతరగతి, సొంతిల్లున్న వ్యాపారి కుటుంబం. మూడింట్ల లెక్క ఒక్కటే. కింద సామాను, పైన మనుషులు, దిగనీకి ఒక్కటే తొవ్వ. కాబట్టి ఇది పేదోని ముచ్చట మాత్రమే గాదు. ఇల్లు సేటుదైనా పొగ ఎవ్వరిని అడగది.

సముద్రం అవతల కూడ గిదే లొల్లి

ఫోన్ల యూరప్ ఇండ్ల రీల్స్ మస్తు వస్తయి. తెల్లటి గోడలు, నీలం కిటికీలు, వాకిట్ల పూల కుండీలు. స్పెయిన్, ఇటలీ, గ్రీస్. మన ఇంటీరియర్ దుకాణపోళ్లు కూడ గా ఫొటోలే చూపిస్తరు. నేను వాళ్ల సంగతి కొంచెం చదివిన. ఆడ కూడ ఎండ దంచుతది, ఆడ కూడ పాత పట్నాలల్ల రాతి, సున్నం ఇండ్లు, నడుమ వాకిలి ఉంటయి. స్పెయిన్‌ల కోర్డొబా అనే పట్నం ఉన్నది. ఎండకాలం 40 డిగ్రీలు దాటుతది. ఆడోళ్లు ఇంటి నడుమ వాకిలిని మూయలే. 1921 సంది వాకిళ్ల పోటీలు పెట్టుకుంటున్నరు, 2012 ల యునెస్కో ఆ వాకిళ్ల పండుగను వారసత్వ జాబితాల పెట్టింది. మనం స్లాబ్ ఏసి మూసిన దానికి వాళ్లు బహుమానాలు ఇస్తున్నరు.

అట్లని వాళ్లంత బంగారమని గాదు. ఫ్రాన్స్‌కు దక్షిణాన సముద్రం ఒడ్డుకు మార్సెయ్ పట్నం. దాని పాత బజార్ అచ్చం మన బేగంబజార్ తీర్గ. కింద మసాలా దుకాణాలు, పైన కిరాయికుండే పేదోళ్లు, వలసొచ్చినోళ్లు. 2018 నవంబర్ 5 నాడు ఆడ పక్కపక్కన ఉన్న రెండు పాత బిల్డింగులు కుప్పకూలినయి. 8 మంది చనిపోయిన్రు. గోడలు పగిలినయని కిరాయిదారులు ముందునుంచే మొత్తుకున్నరు. కొన్ని దినాల ముంగట ఒక నిపుణుడు వచ్చి చూసి ఉండొచ్చన్నడు. జనం రోడ్ల మీదికి వచ్చిన్రు, కొట్లాడిన్రు, ఇడ్వలే. 2025 జులైల కోర్టు తీర్పొచ్చింది. కొంతమంది ఓనర్లకు, ఆ నిపుణునికి, అప్పుడు నగరపాలికల బాధ్యత ఉన్న ఒక నాయకునికి కూడ శిక్షలు పడ్డయి. ఇల్లు కూలుడు దేవుని లీల గాదు, దానికి పేర్లుంటయి అని కోర్టు ఒప్పుకున్నది. మన దగ్గర ఒక్క మంటకైనా గట్ల ఆఖరి దాక పేర్లు ఎతికినమా?

స్పెయిన్‌లనే వలెన్సియాల 2024 ఫిబ్రవరి 22 నాడు 14 అంతస్తుల కొత్త తరీక అపార్ట్‌మెంట్ గంటలోపే మొత్తం అంటుకున్నది. 10 మంది పోయిన్రు. ఎందుకు అంత జల్ది పాకింది? బయట గోడలకు అందం కోసం అతికిచ్చిన అల్యూమినియం షీట్లు. రెండు అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ ఉంటది, అది అంటుకుంటె కొవ్వొత్తి లెక్క కారుకుంట మండుతది. మన దగ్గర ఎలివేషన్‌కు ఏసే ఏసీపీ షీటు అంటె గదే. మంట పట్టని రకం కూడ దొరుకుతది, ధర ఎక్కువ. దుకాణం కాడ ఎవరం అడుగుతం? "అన్నా, ఏ రంగులున్నయి?" అనే గదా అడిగేది.

ఇటలీల అయితే సర్కారే గీ తప్పు చేసింది. 2020 ల ఇంటి ముంగటి గోడ మంచిగ చేసుకుంటె ఖర్చుల 90 శాతం పన్నుల మాఫీ ఇస్తమన్నది. ముంగటి గోడలకు రంగులు పడ్డయి. దొంగ బిల్లులతోని వందల కోట్ల యూరోల మోసాలు బయటపడ్డయి. అదే ఇటలీల బొలోన్యా పట్నం 1973 ల ఇంకో పని చేసి చూపెట్టింది. పేదోళ్లకు ఊరవతల కొత్త ఇండ్లు కట్టనీకి వచ్చే సర్కారు పైసలను పాత పట్నం ఇండ్ల మరమ్మతుకు పెట్టింది. కిరాయిదారులను కొన్ని దినాలు వేరే కాడ ఉంచి, ఇల్లు బాగైనంక మళ్ల అదే ఇంట్లకు, అదుపుల ఉన్న కిరాయికి తెచ్చింది. ఓనర్లు అడ్డం పడ్డరు, అనుకున్నంత మొత్తం కాలే. జాగ గుంజుకునే మాట ఇడ్సిపెట్టి ఓనర్లతోని ఒప్పందాలకు రావాల్సి వచ్చింది. అయినా ఒక్క మాట గట్టిగ నిలబడ్డది. ఇల్లు బాగు చేసుడంటె అండ్ల ఉన్నోళ్లను ఎళ్లగొట్టుడు గాదు అని.

మనకు ఇది కొత్త గాదు. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదల బేగంబజార్, అఫ్జల్‌గంజ్ దిక్కు వేల మంది కొట్టుకపోయినంక, ఎనుక ప్లేగు వచ్చినంక, 1912 ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. ఇరుకు గల్లీలు తీసి గాలి, వెలుతురు వచ్చే ఇండ్లు, రోడ్లు, పత్తర్‌గట్టి మడిగెలు కట్టిన్రు. ఇంటికి గాలి గావాలె, గల్లీకి ఎడల్పు గావాలె అన్న సోయి వందేండ్ల కిందటి నిజాం సర్కారుకే వచ్చింది. ఓట్లు ఏసి ఎన్నుకున్న సర్కార్లకు ఎందుకు రావట్లే?

ఊర్లకు వచ్చిన ఎలివేషన్

ఇగ మన ఊర్ల సంగతి. భవంతి ఇండ్లు కూలగొట్టి స్లాబు ఇండ్లు ఏసుకుంటున్నం. బేగంబజార్‌ల నూరేండ్లల్ల అయిన పని మన ఊర్ల పదేండ్లల్ల అయితున్నది. ముంగట మూడు రంగుల ఎలివేషన్, స్టీలు రెయిలింగ్. లోపట ఎండకాలం పొయ్యి మీద పెనం లెక్క కాలే స్లాబు. మండల కేంద్రాలల్ల రోడ్డు మీది ఇల్లైతే కింద షట్టర్లు. అండ్ల పురుగు మందుల దుకాణమో, గ్యాస్ పొయ్యిల రిపేరో, పెట్రోలు డబ్బాలు పెట్టుకునే మెకానిక్ షెడ్డో. పైన మనం, మన పిల్లలు. మెట్లు ఒక్కటే, అవి కూడ షట్టర్ పక్కకెళ్లే. కిటికీలకు దొంగల భయానికి ఇప్పరాని ఇనుప గ్రిల్లు. నువ్వు బేగంబజార్‌కు పోనక్కర లేదు తమ్మీ, బేగంబజారే నీ మండలానికి వచ్చింది.

ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు ఇస్తున్నరు. ఇల్లు లేనోనికి ఇల్లు రావాల్సిందే, అండ్ల రెండో మాట లేదు. గని పాత గోడ గట్టిగనే ఉండి, పైకప్పు మాత్రం పోయినోడు ఆ ఇల్లు బాగుచేసుకుంటనంటె సర్కారు ఎంట ఉండాలె గదా? కూలగొట్టితేనే పైసలు అనేటట్టు ఉంటె గట్టి రాతిగోడ కూడ కూలుతది, అప్పు మాత్రం లేస్తది.

ఏం అడగాలె?

ఊకె బాధపడి లైక్ కొట్టి ఇడ్సిపెట్టే ముచ్చట గాదిది. మనం అడగాల్సినయి నాలుగున్నయి.

ఒకటి. 50 ఏండ్లు దాటి, కింద వ్యాపారం, పైన మనుషులు ఉండే ప్రతి ఇంటిని లోపటికి పోయి చూడాలె. నోటీసు ఓనరు చేతిల పెట్టి పోవుడు గాదు. గోడ, దూలం, వైరు, మెట్లు ఎట్లున్నయో దర్వాజ మీద అతికియ్యాలె, కిరాయిదారుకు కూడ కనబడాలె. స్పెయిన్‌ల పాత బిల్డింగులకు గిసొంటి తనిఖీలు చట్టంలనే ఉన్నయి. కారుకు ఫిట్‌నెస్ అడిగే సర్కారు ఇంటికి ఎందుకు అడగది?

రెండు. మనుషులు పండుకునే అర్రల కింద అంటుకునే సామాను గోదాం ఉండొద్దు. ఇది ఎత్తుతోని, గజాలతోని సంబంధం లేకుంట అన్ని ఇండ్లకు రావాలె.

మూడు. రెండో తొవ్వ. పాత ఇండ్లల్ల రెండో మెట్లు కట్టనీకి జాగ లేకపోవచ్చు. మిద్దెలున్నయి గదా? మిద్దె దర్వాజకు లోపటికెళ్లి తీసే గొళ్లెం, పక్కింటోళ్లతోని ఒప్పందం, పిట్టగోడ కాడ నాలుగు మెట్లు. దీనికి కోట్లు అక్కరలేదు. మా హమాలి పెద్దాయనకు తెలిసిన సంగతి ఆఫీసర్లకు తెల్వదా?

నాలుగు. మరమ్మతుకు సర్కారు పైసలు ఇయ్యాలె, ఓనరుకే ఇయ్యాలె. బదులుగ పాత కిరాయిదారును మళ్ల అదే ఇంట్లకు తెస్తనని రాసియ్యాలె. పైన అర్రలల్ల ఉన్న కూలీల పేర్లు కూడ ఆ కాయిదంల ఉండాలె. పేరు లేనోడు సచ్చినంక లెక్కలకు వచ్చుడు కాదు, బతికుండంగనే రావాలె.

ఇగ పట్నంల అర్ర ఎతుక్కునే తమ్ముళ్లు, చెల్లెండ్లు, కిరాయి అడిగే ముంగట మూడు చూసుకోన్రి. మెట్లు ఎన్ని? మిద్దెకు తాళం ఉన్నదా? కింద ఏం పెట్టిన్రు? వైఫై ఉన్నదా అని తర్వాత అడుగొచ్చు.

మొన్న మళ్ల పోయినప్పుడు మా అల్లునితోని కలిసి సేటు కాడికి పోయిన. లొల్లి పెట్టలే. మెల్లగనే చెప్పిన, గుల్జార్ హౌజ్‌ల పోయింది కూడ మీ అసొంటి సేట్ల ఇల్లే సేటూ అని. ఆయన కొద్దిసేపు ఏం మాట్లాడలే. ఆయన పిల్లలు కూడ పక్కనున్న గసొంటి ఇంట్లనే ఉంటరు. ఎనుక పోరన్ని పిలిచి మిద్దె తాళం చెవి ఇచ్చిండు. "దర్వాజ పక్కన మొలకు తగిలియ్యి, ఎవ్వడు తీయొద్దు" అన్నడు.

బ్యాటరీ స్కూటర్ ఇంకా మెట్ల మీదనే ఉన్నది. మీటరు ఇంకా పాతదే. ఇంటి ముంగట అద్దాలు మాత్రం మస్తు మెరుస్తున్నయి. ఆ గల్లీల గసొంటి ఇండ్లు ఎన్ని ఉన్నయో, ఎన్ని మిద్దెలకు తాళాలున్నయో లెక్కబెట్టే పని సర్కారుది. ఆ లెక్క వచ్చేదాక మనం అడుగుడు బంద్ చేయొద్దు.